కాలం చెల్లని ఏడు బట్టలు

ఒక ఆడమనిషి ఏడంటే ఏడు బట్టలతో పదేళ్లు హాయిగా గడపవచ్చని శారోన్‌కు గట్టి నమ్మకం. 2008 నాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. పుట్టింది భివండి పద్మనగర్‌లో, చదివింది ముంబైలో ఫ్యాషన్ కోర్సు. బాంద్రాలో నేహ అనే ఆవిడ నడిపే ‘ధీరే’ అనే బట్టల దుకాణంలో మూడేళ్లుగా డిజైనర్. ధీరే అంటే నెమ్మదిగా అని. ఆ దుకాణంలో అన్నీ నెమ్మదే, నేహ ఫోన్లో తిట్టడం తప్ప.

ఆ ఏడు బట్టలూ శారోన్ ఊరికే గీసి పారేసినవి కావు. కుర్తా, పొడుగు చొక్కా, ప్యాంటు, చుట్టు లంగా, చేతుల్లేని కోటు, తిరగేసి కూడా వేసుకోగల జాకెట్టు, దుప్పట్టా. బూడిద, నీలి, ఇటుక, ఈ మూడే రంగులు. దేని మీద ఏది వేసినా అతకాలి. ఆఫీసుకూ పెళ్లికీ చావుకూ పనికిరావాలి. ఒళ్లు వచ్చినా పారేయకుండా వదులు చేసుకునేందుకు కుట్ల లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ మడిచి పెట్టింది. ఈ మడత ఆమె కాలేజీలో నేర్చుకున్నది కాదు. తల్లి ఏసమ్మ ఇరవై ఏళ్లుగా పద్మనగర్ ఆడవాళ్లకు రవికలు కుడుతోంది. పెళ్లికూతురి రవిక ఆమె ముగ్గురు పిల్లల తల్లి అయ్యాక కూడా పట్టేలా లోపల గుడ్డ దాచడం ఏసమ్మకు చేతనైన విద్య. కూతురు ఆ విద్యకు ఇంగ్లీషు పేరు పెట్టింది.

బట్ట కూడా బయటిది కాదు. పద్మనగర్‌లోనే సిద్ధిరాములు సేటు కార్ఖానాలో శారోన్ తాత కొండయ్య సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. జంట నూలుతో ఆయన నేసిన గుడ్డ దళసరిగా, ఉతికేకొద్దీ మెత్తబడుతూ ఉంటుంది. శారోన్ ఏరికోరి అదే తీసుకుంది. ఆ మాట నేహకు చెప్పింది కూడా.

“ఈ బట్ట ఎవరు నేశారు?” అని అడిగింది నేహ.

“మా తాత. సాంచాల మీద.”

“తాతా!” నేహ కళ్లు మెరిశాయి. డైరీ తీసి రాసుకుంది. శారోన్ తలెత్తి చూస్తే డైరీలో ‘తాత’ అన్న మాట ఉంది, సాంచాల మాట లేదు.

వారం తిరక్కుండా అమోల్ అనే ప్రచారాల మనిషి కెమెరాతో పద్మనగర్‌కు దిగాడు. వాడికి ఒక చేతి మగ్గం కావాలి. పద్మనగర్‌లో ఆ చివర నుంచి ఈ చివర దాకా వేల సాంచాలున్నాయి గాని చేతి మగ్గం ఒక్కటి లేదు. చివరికి సిద్ధిరాములే దారి చూపించాడు. మార్కండేయ జయంతి ఊరేగింపులో లారీ మీద పెట్టి తిప్పే చెక్క మగ్గం ఒకటి పద్మశాలి సంఘం గోదాంలో ఉంది. పోగులు ఉండాల్సిన చోట తెల్ల గుడ్డ ముక్కను మేకులతో కొట్టేశారు. ఊరేగింపులో ఎవరూ ఎత్తుకుపోకుండా, అటూ ఇటూ పోగు లాగే నాడెను తాడుతో కట్టేశారు. దాని మీద జానెడు గుడ్డ కూడా ఎన్నడూ దిగలేదు. అమోల్ దాన్ని చూసి మురిసిపోయాడు.

“మా అయ్య సిరిసిల్లల గుంట మగ్గమ్మీద చీరెలు నేసిండు,” అన్నాడు సిద్ధిరాములు, చొక్కా సర్దుకుంటూ. “నేను చిన్నగున్నప్పుడు నూలు కండెలు చుట్టిన. ఫోటో నాది తియ్యమను బిడ్డా.”

శారోన్ ఆ మాట హిందీలో చెప్పింది. అమోల్ సేటును కింది నుంచి పైకి చూశాడు. నల్లగా రంగేసిన జుట్టు, మెడలో బంగారు గొలుసు, సఫారీ సూటు. పెదవి విరిచాడు.

“సేట్, ఆప్ బున్‌కర్ జైసే నహీఁ లగతే.”

నేతగాడిలా లేడట. అక్కడ నిలబడ్డవాళ్లలో నిజంగా నేతగాడి కొడుకు ఆయనొక్కడే. సిద్ధిరాములు గల్లీలోని పాన్ డబ్బా కొట్టు వైపు వెళ్లిపోయాడు.

అమోల్‌కు నచ్చింది కొండయ్య. అరవై నాలుగేళ్లు, లోతుకు పోయిన చెంపలు, తెల్ల గడ్డం. నలభై ఎనిమిదేళ్లు సాంచాల మోతలో నిలబడి చెవులు దెబ్బతిన్నాయి. అందువల్ల ఏది చెప్పినా అరిచి చెప్తాడు.

“గీ చెక్క మగ్గం నేను ఎన్నడు ముట్టలేదే!” అని అరిచాడు. “మా అయ్య దొర కాడ మోట కొట్టిండు. నేను గీడికొచ్చినంకనే సాంచ చూసిన. గిండ్ల ఏం జెయ్యాలె?”

“ఏం జెయ్యకు తాతా. ఊకె కూసో.”

“ఊకె కూసుంటే బట్టెట్ల వస్తదే?”

తాత మెడలో ఉన్న శిలువ కనిపించకుండా లోపలికి వేసుకోమని అమోల్ సైగ చేశాడు. కొండయ్యకు సరిగా అర్థంకాక దాన్ని ఇంకా పైకి తీసి చూపించాడు. శారోనే చెయ్యి పెట్టి చొక్కా లోపలికి తోసింది. ఆ పని చేస్తున్నప్పుడు తాత ముఖంలోకి చూడలేకపోయింది. ఫోటో ఒకటే కదా అనుకుంది.

ఏడు బట్టల ప్రచార పుస్తకం అచ్చయి వచ్చింది. దళసరి కాగితం మీద కొండయ్య బొమ్మ, కింద రాత. ‘పన్నెండు తరాల నేతగాడు కొండయ్య రోజుకు ఒక్క మీటరు మాత్రమే నేస్తాడు. ఆయన మగ్గం దగ్గర గడియారం ఉండదు. ఈ ఏడు బట్టలకు కాలం చెల్లదు.’ చివరి పేజీలో శారోన్ జోసెఫ్, డిజైనర్ అని ఉంది. శారోన్ ముందు చివరి పేజీ చూసుకుంది. తర్వాత మొదటి పేజీ చదివి, అబద్ధం పుస్తకానిది గాని తనది కాదని సర్దిచెప్పుకుంది.

ఇంట్లో తల్లికి చదివి వినిపిస్తే ఏసమ్మ మిషను తొక్కడం ఆపింది.

“దినాం ఒక్క మీటర్ నేసుడా? గట్లయితే సేటు పొద్దుమూకక ముందే ఎల్లగొడ్తడు గదనే బాపును.”

“అది అడ్వర్టైజ్‌మెంట్ అమ్మా. గట్లనే రాస్తరు.”

“మరి బట్ట మంచిగున్నది, కుట్టు మంచిగున్నది. ఉన్నది జెప్తె కొనరా ఏంది?”

బట్టలు అమ్ముడుపోయాయి. బాగానే పోయాయి. అక్కడే చిక్కొచ్చి పడింది. కొన్నవాళ్లలో కొందరికి కొండయ్యను కళ్లారా చూడాలనిపించింది. నేహ ఆ కోరికను అక్కడికక్కడే ఒక యాత్రగా మార్చేసింది. తొమ్మిది మంది ఆడవాళ్లు, ఒక ఏసీ బస్సు.

“అక్కడ ఆ మోత ఉండకూడదు,” అంది నేహ శారోన్‌తో. “నిశ్శబ్దం కావాలి. వాళ్లు నిశ్శబ్దాన్ని కొనుక్కున్నారు.”

భివండిలో నిశ్శబ్దం దొరికేది కరెంటు పోయినప్పుడే. ఆ ఎండాకాలం పద్మనగర్‌కు మంగళవారం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కోత. శారోన్ ఆ మూడు గంటలనే ఎంచుకుంది. కార్ఖానా పక్కనే ఉన్న సేటు ఖాళీ గదిలో ఊరేగింపు మగ్గాన్ని పెట్టించింది. ముందు బెల్లం రంగు చాప, ఒక మట్టి కుండ. కుండ అమోల్ ఆలోచన. అందులో నీళ్లు లేవు.

ఆ మంగళవారం ఒంటిగంటకు కరెంటు పోగానే సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆగిన వెంటనే హ్యాండిళ్లు దించుకోవాలి. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు వాటంతటవే మొదలై పోగులు తెగుతాయి. కానీ కొండయ్యను ఆ నిమిషంలోనే అమోల్ తలపాగా చుట్టడానికి లాక్కుపోయాడు. కార్ఖానాలో అందరూ ఒంటి మీద బనీను తప్ప మరొకటి ఉంచుకోరు. ఇప్పుడు కొండయ్యకు ధీరే వారి రంగు వేయని తెల్ల నమూనా కుర్తా తొడిగారు. శారోన్ గీసిందే. మోచేతుల దగ్గర నుంచి గంటలా వెడల్పయిన చేతులు.

బస్సు అంజూర్ ఫాటా దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఒకటిన్నరకు వచ్చింది. తొమ్మిది మందీ దిగారు. తొమ్మిది మందీ ఏడు బట్టల్లోంచే వేసుకొచ్చారు. బూడిద రంగు కుర్తా, బూడిద రంగు కోటు, బూడిద రంగు ప్యాంటు.

గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న పక్కింటి లక్ష్మవ్వ తలెత్తి చూసింది.

“ఏసమ్మా, గీళ్లంత ఏ దవాఖాన్ల నర్సులే?”

“ఊకో లక్ష్మవ్వా. పెద్దింటోళ్లు.”

“గంత పెద్దింటోళ్లకు ఒక్క పూల చీరెన్న లేకపాయెనా!”

వాళ్లు గదిలోకి వచ్చారు. ఒకావిడ గుళ్లోలాగా చెప్పులు విప్పింది. అది చూసి మిగతావాళ్లూ విప్పారు. నేహ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కొండయ్య మగ్గం ముందు బొమ్మలా కూర్చున్నాడు. కట్టేసిన నాడె మీద చెయ్యి పెట్టి ఉంచమన్నారు, పెట్టి ఉంచాడు.

“ఒక్కో పోగు వేసేటప్పుడు మీ మనసులో ఏముంటుంది?” అని చెవులకు ముత్యాలున్న ఆవిడ హిందీలో అడిగింది.

శారోన్ తాత చెవి దగ్గరికి వంగి అరిచి చెప్పింది. కొండయ్య నిజాయితీగా ఆలోచించాడు.

“ఏముంటది బిడ్డా! నాలుగు సాంచాలిడిసి ఉచ్చకు పోరాదు. ఎప్పుడు పోదునా అనే ఉంటది మతిల.”

ఆడవాళ్లు శారోన్ వైపు తిరిగారు.

“ఓర్పు గురించి ఆలోచిస్తాడట,” అంది శారోన్.

అందరూ తలలూపారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఏసమ్మ కూతురి వైపు ఒక్క చూపు చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది.

కోత నాలుగింటి దాకా అన్నారు. కరెంటు రెండున్నరకే వచ్చేసింది.

ముందు పక్క గల్లీలో ఒక సాంచా మొదలైంది. ఆ తర్వాత పది, ఆ తర్వాత వీధి వీధంతా. గోడలు అదిరాయి. మట్టి కుండ దొర్లి పగిలింది. తొమ్మిది మందీ చెవులు మూసుకుని కేకలు పెట్టారు. కొండయ్యకు ఆ మోత చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. హ్యాండిళ్లు దించలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“అయ్యో, నా పోగులు!” అని మగ్గాన్ని తోసేసి లేచి పరుగెత్తాడు.

కార్ఖానాలో ఆయన నాలుగు సాంచాలూ దిక్కులేకుండా ఆడుతున్నాయి. మిగతా పనివాళ్లు ఇంకా చాయ్ దగ్గర నుంచి రాలేదు. మొదటి దాని హ్యాండిల్ దించాడు. రెండోదానికి వంగాడు. అలవాటు లేని కుర్తా చెయ్యి అటు గాలికి ఊగి మోటారు పట్టాలో పడింది. పట్టా చేతిని లోపలికి గుంజింది.

శారోన్ తాత వెనకే వచ్చింది. సాంచాల మధ్య పెరిగిన పిల్ల. బాంద్రా చెప్పులతోనే నూనె నేల మీద జారుతూ వెళ్లి, గోడకున్న మెయిన్ స్విచ్చు కొట్టేసింది. మిగిలిన మూడు సాంచాలూ ఆగాయి. కానీ చెయ్యి పట్టాలోనే ఉంది. శారోన్ కుర్తాను రెండు చేతులతో గుంజింది. చిరగలేదు. పదేళ్లు చిరగకూడదని ఆమె పట్టుబట్టి వేయించిన జంట కుట్లు. మళ్లీ గుంజింది. కొండయ్య పళ్లు బిగించి మూలిగాడు. ఏసమ్మ రవికలు కత్తిరించే కత్తెర తెచ్చి, భుజం దగ్గర నుంచి ఆ కుర్తా చేతిని ఒక్క కోతకు తెగ్గోసింది.

ఎముక విరగలేదు. మోచేతి మీద చర్మం జానెడు లేచిపోయింది. కొండయ్య నేల మీద కూలబడి ఆయాసపడుతున్నాడు. తలపాగా ఎక్కడో పడిపోయింది. శిలువ బనీను మీదికి వచ్చి వేలాడుతోంది.

తొమ్మిది మందీ కార్ఖానా గుమ్మంలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నారు. వాళ్లలో కళ్లద్దాల పెద్దావిడ ఒక్కతే లోపలికి వచ్చింది. సాంచా కింద చుట్టుకుని ఉన్న గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. తర్వాత తన కోటు అంచును పట్టుకుంది. రెంటినీ మార్చి మార్చి చూసింది.

“బాబా, ఏ ఆప్ బనాతే హైఁ?” ఇది నేసేది మీరేనా అని అడిగింది.

మాట వినబడకపోయినా ఆమె వేళ్లు ఏం చేస్తున్నాయో కొండయ్యకు కనబడింది. నలభై ఎనిమిదేళ్లలో ఆయన నేసిన గుడ్డను అలా ముట్టుకుని చూసినవాళ్లు లేరు. అంత నొప్పిలోనూ ముఖం వెలిగింది.

“హాఁ బేటీ! ఏక్ నంబర్ మాల్! చార్ మషీన్, ఏక్ పాళీ మే సౌ మీటర్!”

నాలుగు మగ్గాలు, ఒక్క పూటకు నూరు మీటర్లు. నేహ గొంతు సవరించుకుని, నెమ్మది అంటే వేగానికి సంబంధించింది కాదని, మనసుకు సంబంధించిందని చెప్పడం మొదలుపెట్టింది. అమోల్ మోకాళ్ల మీద కూర్చుని కొండయ్య మోచేతిని దగ్గర నుంచి ఫోటో తీస్తున్నాడు. ఏసమ్మ కత్తెర చేతిలో పట్టుకునే వాడి వైపు ఒక అడుగు వేసింది. వాడు కెమెరా మూసేశాడు.

దవాఖానాలో కట్టు కట్టించుకుని వస్తుంటే ఆటోలో శారోన్ ఏడ్చింది.

“నాదే తప్పు తాతా.”

“ఏందీ?”

“నాదే తప్పంటున్న!”

“నువ్వు మంచిగనే కుట్టినవ్ బిడ్డా,” అని అరిచాడు కొండయ్య, ఆటోవాడు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. “చేతులు జెర వదులైనయ్ గంతే. ఇంకొకపారి గట్ల కుట్టకు.”

మూడు వారాలు ఆయన పనికి పోలేదు. సిద్ధిరాములు ఆ నాలుగు సాంచాలూ ఇంకొకరికి ఇచ్చాడు. కొండయ్య తిరిగి వచ్చాక రెండే ఇచ్చాడు. పాన్ డబ్బా దగ్గర మాత్రం, ఫోటోకు తానే కూర్చుని ఉంటే ఇదంతా జరిగేది కాదని చాలా రోజులు చెప్పుకున్నాడు.

దుకాణం మూతపడుతుందని శారోన్ అనుకుంది. ఏం కాలేదు. తొమ్మిది మందిలో ఒక్కావిడే బట్టలు తిప్పి పంపింది, అదీ బూడిద రంగు తన ఒంటికి నప్పలేదని. పది రోజుల్లో కొత్త పుస్తకం వచ్చింది. ఈసారి మొదటి పేజీలో కట్టు కట్టిన మోచెయ్యి. ‘ఇనుము మధ్య ఒక మనిషి చెయ్యి’ అని రాత. పన్నెండు తరాలు పోయాయి, రోజుకో మీటరు పోయింది. ధర మాత్రం పెరిగింది.

శారోన్ బాంద్రా వెళ్లి ఆ పుస్తకాన్ని నేహ బల్ల మీద పెట్టింది. నోరు తెరవబోతుంటే నేహే అందుకుంది.

“మంచి టైముకు వచ్చావు. దసరాకు కొత్తగా ఏడు బట్టలు కావాలి. ఈసారి తుప్పు రంగు, ఆకు రంగు. బూడిద అయిపోయింది.”

“అయిపోయిందా? పదేళ్లకని చెప్పాం కదా. ఇంకా ఆరు నెలలు కాలేదు.”

“కాలం చెల్లనిది కూడా అప్పుడప్పుడూ కొత్తగా రావాలి శారోన్. లేకపోతే జనం మరిచిపోతారు.”

శారోన్ ఆవిడ ముఖం వైపు చూసింది. వెటకారం ఏమీ లేదు. నేహ ఆ మాటను మనస్ఫూర్తిగానే అంది. అదే శారోన్‌ను భయపెట్టింది. ఆ మధ్యాహ్నమే పని మానేసింది.

ఇంటికొచ్చి తల్లి మిషను పక్కన ఇంకో మిషను వేసుకుంది. ఇప్పుడు ఏడు బట్టలనూ అసలు అవసరమున్నవాళ్లకు కుడతానంది. బూడిద, నీలి, ఇటుక రంగుల నమూనాలు తాడు మీద ఆరేసి, గల్లీ ఆడవాళ్లను పిలిచింది. లక్ష్మవ్వ ముందు వరసలో కూర్చుంది. శారోన్ అరగంట సేపు ఓపికగా చెప్పింది. ఏది దేని మీద వేసుకోవచ్చో, కుట్లు ఎట్లా వదులు చేసుకోవచ్చో, ఏడుంటే పదేళ్లు ఇంకేదీ ఎందుకు కొననక్కర్లేదో.

అంతా విని లక్ష్మవ్వ అంది:

“పదేండ్లు గవ్వే ఏసుకునుడా? గా బాధ మాకు ఇప్పుడే ఉన్నది గద బిడ్డా. నా దగ్గరున్నయి అయిదే చీరెలు. పన్నెండేండ్లాయె. గీ కండెలు చుట్టుడు పైసలతోని ఒక్క కొత్తది, పూలది కొందామంటే నువ్వొచ్చి మల్ల పదేండ్లంటున్నవ్!”

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఏసమ్మ కూడా నవ్వింది. శారోన్ మాత్రం నవ్వలేక, తాడు మీది బూడిద రంగు కుర్తాల వంక చూస్తూ నిలబడింది. మూడేళ్ల చదువు, మూడేళ్ల ఉద్యోగం, అయిదు చీరల మనిషి ముందు నిలవలేదు.

అప్పుడు రాని నవ్వు నాలుగు రోజులకు వచ్చింది. అయిదో రోజు గైబీ నగర్ వెళ్లి, ఎర్రటి పెద్ద పెద్ద పూలున్న గుడ్డ తాను ఒకటి తెచ్చింది. ఏడింటిలోంచి చుట్టు లంగా ఒక్కటే తీసుకుని ఆ గుడ్డతో కుట్టింది. నాడాలు నడుము చుట్టూ తిప్పి కట్టుకుంటే సన్నటిదానికీ లావుదానికీ కడుపుతో ఉన్నదానికీ ఒకటే సరిపోతుంది. కండెల మిషను దగ్గర చీర కుచ్చిళ్లు పట్టుకుంటాయన్న భయం లేదు. అంచు మడతలో మాత్రం రెండు వేళ్ల గుడ్డ ఉంచింది. అది మానుకోలేకపోయింది.

లక్ష్మవ్వ కట్టుకుని చూసుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. అద్దంలో వెనక భాగం కూడా చూసుకుంది. పూలు నచ్చాయని ముఖమే చెప్తోంది. అయినా వెతికి వెతికి రెండు పక్కలా తడిమింది.

“జేబేది?”

“జేబు పెడితే లంగా పడే తీరు చెడుతుంది అత్తా. లైన్ కరాబైతది.”

“నీ లైన్ సల్లగుండ. ఫోన్ యాడ పెట్టుకోవాలె? తాళంచెవి యాడ పెట్టుకోవాలె? రైకలనా?”

శారోన్ కూడా లంగాను రెండు పక్కలా తడిమింది. బాంద్రాలో ఏడు బట్టలు గీసింది, ముప్ఫై సార్లు దిద్దింది, ఒక్కదానికీ జేబు పెట్టలేదు. అడిగినవాళ్లూ లేరు. ఆ తొమ్మిది మందికీ సంచులు మోసే మనుషులున్నారు కాబోలు.

“విప్పియ్యి అత్తా,” అంది చెయ్యి చాపి. “రెండు పక్కల పెడత.”

“లోతుగ పెట్టు. మా ఆయన చెయ్యి అందకూడదు.”